సంఘపు వోటు అనునది కలదా?

ఎన్నికలు దగ్గరపడినప్పుడెల్ల మన పల్లెసంఘములలో ఒక ప్రశ్న వినబడుచుండును. పార్టీ మనుష్యులు కాపరి ఇంటి అరుగుమీద కూర్చుండి, వానలు, పంటలు, పిల్లల చదువులు అన్నియు విచారించిన పిమ్మట, "అయ్యగారూ, మీ సంఘములో వోట్లెన్ని?" అని అడుగుదురు. విశ్వాసులెందరని వారడుగరు. ప్రభువు బల్లయొద్దకు వచ్చువారెందరని అడుగరు. వోట్లెన్ని అనియే అడుగుదురు. లెక్క చెప్పినయెడల మందిరపు కప్పుకు రేకులు వచ్చుననియు, ప్రహరీగోడకు సిమెంటు వచ్చుననియు మాట కలుపుదురు.

ఈ ప్రశ్న వెనుక ఒక నమ్మకమున్నది. మనుష్యుని మతము తెలిసినచో అతని వోటు తెలిసినట్లే అనునదే ఆ నమ్మకము. అది నిజమా? నిజమైనయెడల అది మనకు మేలా, కీడా? ఈ రెండు ప్రశ్నలను మన ఖమ్మము, భద్రాచలము ప్రాంతపు చరిత్రనుబట్టి ఆలోచింతము.

పండితుల ప్రశ్న

ఈ సంగతిని పార్టీవారే కాదు, పండితులును బహుకాలముగా పరిశోధించుచున్నారు. 1940లో అమెరికా దేశములోని ఒహాయో రాష్ట్రమున, ఈరీ అను ఒక కౌంటీలో, పాల్ లాజార్స్‌ఫెల్డ్ అను పండితుడును అతని సహచరులును 600 మందిని ఎంచుకొని, ఎన్నికలకు ముందు నెలనెలా వారి ఇండ్లకు మనుష్యులను పంపి ప్రశ్నలడిగించిరి. 1944లో వారి గ్రంథము వెలువడెను. ఉపన్యాసములు విని మనస్సు మార్చుకొనినవారు చాల కొద్దిమందియేనని వారు కనుగొనిరి. ఎవడు ఏ మతశాఖకు చెందినవాడు, ఎంత కలిగినవాడు, పల్లెవాడా పట్టణపువాడా అను మూడు సంగతులు తెలిసినయెడల అతని వోటును చాలమట్టుకు ముందే ఊహింపవచ్చునని తేల్చిరి. అక్కడ కతోలికులు ఎక్కువగా ఒక పార్టీకి, ప్రొటెస్టెంటులు ఎక్కువగా వేరొక పార్టీకి వోటు చేయుచుండిరి.

అప్పటినుండి రాజనీతి శాస్త్రజ్ఞులు దేశదేశములలో ఇదే ప్రశ్న అడుగుచున్నారు. గాని ఒహాయోలో నిజమైనది గోదావరి తీరమున నిజము కావలెనని లేదు. మన దేశములో ఈ ప్రశ్న పండితుల పుస్తకములలోనికి రాకముందే ప్రభుత్వపు చట్టములోనికి వచ్చెను. అది వచ్చినప్పుడు దానికి ఎదురుగా నిలిచినవారిలో ఒకరు మన దోర్నకల్ బిషప్పుగారు.

మతమునుబట్టి వోటు

బ్రిటిషువారి కాలమున 1909 చట్టము ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చెను. అనగా ముస్లిము ప్రతినిధిని ముస్లిములే ఎన్నుకొందురు. 1919 చట్టము ఈ ఏర్పాటును మరికొన్ని మతములవారికి విస్తరింపజేయగా, మద్రాసు రాజధానిలో దేశీయ క్రైస్తవులకును ప్రత్యేక స్థానములు కలిగెను. క్రైస్తవ అభ్యర్థికి క్రైస్తవులే వోటు చేయవలెను. ఆ క్రైస్తవుడు తన ఊరిలోని మిగిలినవారితో కలిసి సామాన్య స్థానమునకు వోటు చేయుటకు వీలులేదు.

ఇది మేలని తలంచినవారు అనేకులుండిరి. మనము కొద్దిమందిమి, మన మాట ఎవరు విందురు, మనకంటూ కొన్ని స్థానములుండవలెను అని వారనిరి. 1930లో లండనులో రౌండ్ టేబుల్ సమావేశము జరిగినప్పుడు ఈ రెండు అభిప్రాయములును మనవారి నోటనే వినబడెను. ఎ. టి. పన్నీరుసెల్వముగారు ప్రత్యేక నియోజకవర్గముల పక్షమున నిలిచిరి. కె. టి. పాల్‌గారు అవి వద్దనిరి. ఇద్దరును క్రైస్తవులే, ఇద్దరును దక్షిణాదివారే. మతమొకటే అయినను రాజకీయపు తలంపు ఒకటి కాలేదు. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వము మతములవారీ తీర్పును ప్రకటించి, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములను స్థిరపరచెను. 1935 చట్టము ప్రకారము మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో 8 దేశీయ క్రైస్తవులకు కేటాయింపబడెను.

ఆ రోజులలో దోర్నకల్ బిషప్పు వేదనాయగము శామ్యూల్ అజరయ్యగారు. వీరు 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించి, తెలుగు మాతృభాష కాకపోయినను తెలుగువారి మధ్యకు మిషనరీగా వచ్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిరి. వారి కాలమున మాల, మాదిగ పేటలనుండి కుటుంబములు కుటుంబములుగా ప్రజలు సంఘములో చేరిరి. 1941 నాటికి ఆ అధ్యక్ష ఖండములో క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి.

ఇంతమంది గల కాపరికి రాజకీయబలము కావలెనన్నచో కొరత ఏమున్నది? అయినను అజరయ్యగారు ప్రత్యేక నియోజకవర్గములను గట్టిగా వ్యతిరేకించిరి. సంఘము దేవుడు పిలిచిన ప్రజగాని, స్థానములకొరకు పోటీపడు ఒక కులము వంటిది కాదని వారి తలంపు. క్రైస్తవుడు తన పొరుగువారితో కలిసి వోటు చేయనియెడల, ఆ పొరుగువారి కష్టసుఖములలో అతనికి భాగమెట్లు కలుగును? అంతకుమించి ఇంకొకటియు వారు చూచిరి. ప్రతి బాప్తిస్మమును ఒక వోటుగా లెక్కించు రోజు వచ్చినయెడల, సువార్త చెప్పు ప్రతివాని నోటిమాట వెనుక రాజకీయమున్నదని లోకము అనుమానించును. గాంధీగారు మొదలగు పెద్దలు మతము మార్చుటనుగూర్చి తీవ్రముగా విమర్శించుచున్న కాలమది. ఆ విమర్శకు అజరయ్యగారు లోబడలేదు, సువార్తను ఆపలేదు. గాని సువార్తను సంఖ్యాబలపు పనిముట్టుగా చేయుటకు ఒప్పుకొనలేదు. ఈ రెంటిని కలిపి పట్టుకొనుట సులభము కాదు.

మన ప్రాంతపు విచిత్ర స్థితిని ఇక్కడ గమనింపుడి. దోర్నకల్, ఖమ్మము నైజాము రాజ్యములోనివి. అక్కడి సామాన్య ప్రజకు వోటే లేదు. భద్రాచలము 1860లో నైజామునుండి బ్రిటిషువారికి వచ్చినది, తరువాత గోదావరి జిల్లాలో చేర్చబడినది. గోదావరిపై పడవల మార్గపు పనికి వచ్చిన కెప్టెన్ హేగ్ అను ఇంజనీరు ప్రోత్సాహముతో దుమ్ముగూడెములో కోయలమధ్య సువార్తపని మొదలై, జాన్ కెయిన్ వంటి మిషనరీల కాలమున నిలద్రొక్కుకొనెను. 1935 చట్టము క్రింద ఆ ఏజెన్సీ సీమ పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతము. వోటు ఆస్తియు చదువును గలవారికే ఉండెను. లండనులో మన పేరట స్థానములు పంచుకొనినప్పుడు, ఈ అడవి అంచున మందిరమునకు వచ్చుచున్న కూలివానికి, పోడు కోయవానికి ఆ స్థానములలో పాలేమియు లేకుండెను. సంఘపు వోటు అని పేరు. వేసినవారు సంఘములో కొద్దిమంది.

వదలుకొనిన స్థానములు

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ ప్రశ్న రాజ్యాంగసభ ముందుకు వచ్చెను. అల్పసంఖ్యాకుల ఉపసంఘమునకు అధ్యక్షులు హరేంద్ర కుమార్ ముఖర్జీగారు, బెంగాలు క్రైస్తవులు, రాజ్యాంగసభకు ఉపాధ్యక్షులు. ప్రత్యేక నియోజకవర్గములు 1947లోనే తొలగింపబడెను గాని, క్రైస్తవులకు కొన్ని స్థానములు కేటాయించు ప్రతిపాదన అప్పటికి నిలిచియుండెను. 1949 మే 11న సర్దార్ పటేలు అధ్యక్షతన కూడిన సలహాసంఘములో, షెడ్యూల్డు కులములవారికి తప్ప మతమునుబట్టి స్థానముల కేటాయింపు వద్దను తీర్మానమును ముఖర్జీగారే ప్రతిపాదించిరి. ఆ నెల చివరను రాజ్యాంగసభ దానిని అంగీకరించెను. మద్రాసునుండి వచ్చిన జెసూటు గురువు జెరోము డిసౌజాగారును దానిని బలపరచిరి.

కావున 1952లో మన తాతలు మొదటిసారి వోటు వేయుటకు పోయినప్పుడు, క్రైస్తవుల పెట్టె అని వేరుగా లేదు. కరణముకును కూలివానికిని, పూజారికిని కాపరికిని ఒకే వరుస, ఒకే వోటు. ఇది ఇతరులు మనవద్దనుండి లాగుకొనినది కాదు. మన పెద్దలు తెలిసి వదలుకొనినది. మన మతస్వాతంత్ర్యము 25వ అధికరణముక్రింద ఉన్నది. అది వోట్ల లెక్కపై ఆధారపడి ఇవ్వబడినది కాదు.

గోదావరి తీరమున జవాబు

ఇక మొదటి ప్రశ్న. మతము తెలిసినచో వోటు తెలియునా?

1956లో సెలిగ్ హారిసన్ అను అమెరికా పత్రికారచయిత అచ్చటి రాజనీతిశాస్త్ర పత్రికలో ఆంధ్ర కమ్యూనిస్టులనుగూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అంతకు ముందటి సంవత్సరము ఆంధ్రరాష్ట్ర ఎన్నికలలో కమ్యూనిస్టులకు నూటికి 31 వోట్లు వచ్చినను, 196 స్థానములలో 15 మాత్రమే దక్కెను. ఈ రాజకీయము వెనుక భూమిగల రెండు పెద్ద కులముల పోటీ ఉన్నదని హారిసన్ వాదించెను. 1970లో రజనీ కొఠారీగారు సంపాదించిన గ్రంథములో కారొలిన్ ఎలియట్ అను రాజనీతి శాస్త్రజ్ఞురాలు అదే సంగతిని పరిశీలించి, కులముతోపాటు ఒకే కులములోని ముఠాలనుకూడ లెక్కలోనికి తీసికొనవలెనని చూపెను. వీరిద్దరి వాదములు వేరైనను, తెలుగు పల్లెలో వోటు జాడ వెదకుచు వారు పోయినది కులము, భూమి, ఊరి పెద్దరికము అను దారులనే.

భద్రాచలమునే చూడుడి. దేశములో శ్రీరామనవమి అనగానే తలంపుకు వచ్చు పట్టణమది. మతమే వోటును నడుపునన్నచో అక్కడ నడుపవలెను. గాని ఆ నియోజకవర్గములో 1985, 1989, 1994లో కుంజా బొజ్జిగారు, 1999, 2004లో సున్నం రాజయ్యగారు, వరుసగా ఐదు ఎన్నికలలో మార్క్సిస్టు పార్టీవారే గెలిచిరి. రామునికి మ్రొక్కువారు, కొండదేవతలను కొలుచువారు, మన మందిరములకు వచ్చువారు, అందరును వోటర్లుగా ఉన్న చోటనే ఇది జరిగెను. తరువాత 2009లో కాంగ్రెసు, 2014లో మరల రాజయ్యగారు, 2018లో కాంగ్రెసు, 2023లో భారత రాష్ట్ర సమితి గెలిచినవి. నేను ఏ పార్టీని పొగడుటకు దీనిని వ్రాయుటలేదు. ఈ సీమ ఎన్నికల సభలలో వినబడినవి పోడు పట్టాలు, తునికాకు కూలి రేటు, 1/70 చట్టము, ఆస్పత్రి, బాట. ఐదు ఎన్నికలు ఒకవైపు నిలిచి, ఆ తరువాత ప్రతి ఎన్నికకు మారిన ఈ వోటర్లను వారి గుడినిబట్టి ముందే లెక్కించుట ఎవరి తరము?

రెండు పేర్ల మనుష్యుడు

ఇందులో ఇంకొక చిక్కు కలదు. మన పల్లెలో ఒకని మతమేదని అడిగినచో, కొన్నిచోట్ల రెండు జవాబులు వచ్చును. ఒకటి మందిరములో, ఒకటి కాగితములో. దీనికి చరిత్ర కలదు. 1950నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందూమతములో ఉన్నవారే షెడ్యూల్డు కులములవారుగా లెక్కింపబడిరి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970లో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా ఉంచి నూటికి ఒక వంతు కేటాయించిరి. షెడ్యూల్డు తెగలవారి సంగతి వేరు. కోయవాడు ఏ మతమును అవలంబించినను కోయవాడే అని ఆ జాబితా ఎంచుచున్నది. కావున ఒకే బల్లయొద్ద ప్రభువు భోజనము తీసికొనిన ఇద్దరిలో, కోయ సహోదరుని కాగితమొకటి, మాదిగ సహోదరుని కాగితమొకటి.

ఇది న్యాయమా అను ప్రశ్న మన సంఘములు దశాబ్దములుగా అడుగుచున్నవి, అడుగవలసినదే. నా మాట మాత్రము ఇది: మన ఇండ్లలో కులము, తెగ, భూమి, బడి, అప్పు, విశ్వాసము అన్నియు ఒకదానిలో ఒకటి పెనవేసికొనియున్నవి. 1959లో పి. వై. లూక్, జాన్ కార్మన్ అను ఇద్దరు మెదకు సీమలోని వాడియారము సంఘములలో పరిశోధించి, 1968లో ప్రకటించిన గ్రంథములో పల్లె క్రైస్తవుడు తన పొరుగు హిందువులతో ఎంత దగ్గరగా కలిసియుండెనో చూపిరి. 2019–20లో ప్యూ పరిశోధనా కేంద్రము దేశమంతట 29,999 మందిని అడిగినప్పుడును, క్రైస్తవులలో నూటికి 33 మంది తాము షెడ్యూల్డు కులములవారమనియు, 24 మంది షెడ్యూల్డు తెగలవారమనియు చెప్పిరి. ఇట్టి మనుష్యునికి ఒకే పేరు పెట్టి, ఆ పేరుకు ఒకే వోటు కట్టుట అతనిని ఎరుగకపోవుటయే.

కాపరికి చట్టము

మన కాపరులు తప్పక ఎరుగవలసిన చట్టమొకటి కలదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను ప్రకారము, మతము పేరట వోటడుగుట అక్రమచర్య. 2017 జనవరి 2న సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురి అభిప్రాయముతో, అభ్యర్థి మతమే కాదు, వోటరు మతము పేరట అడిగినను అది అక్రమమేనని తీర్పు చెప్పెను. అదే సెక్షనులో మరియొక మాట ఉన్నది. ఫలానివారికి వోటు వేయనిచో దేవుని ఆగ్రహము కలుగునని, లేక సంఘశిక్ష కలుగునని వోటరును నమ్మించుట అక్రమమైన ఒత్తిడి.

ఇది కాగితముమీదనే ఉన్న మాట కాదు. 1957 ఎన్నికలలో పంజాబులోని సిర్సా నియోజకవర్గములో నామ్‌ధారీ సిక్కుల గురువు ఒక అభ్యర్థికి వోటు చేయవలెనని తన అనుచరులకు ఆజ్ఞ ఇచ్చెను. 1959లో సుప్రీం కోర్టు ఆ ఎన్నిక చెల్లదనెను. మతగురువునకును ఒక పౌరునిగా అభిప్రాయము చెప్పు స్వేచ్ఛ ఉన్నదనియు, గాని శిష్యుడు తప్పించుకొనలేని ఆజ్ఞగా దానిని ఇచ్చినప్పుడు వోటరు స్వేచ్ఛ పోవుననియు కోర్టు వివరించెను. బల్లపీట వెనుక నిలిచి మనము పలుకు మాటకు పల్లె విశ్వాసులు ఎంత విలువ ఇత్తురో మనకు తెలియును. చదువురాని వృద్ధురాలు కాపరి మాటను దైవాజ్ఞగా ఎంచును. అంత నమ్మకమును ఒక పార్టీకి తాకట్టు పెట్టుటకు మనకు అధికారమెవరిచ్చిరి?

విశ్వాసికి రాజకీయము వద్దా?

అట్లని విశ్వాసి ఊరి సంగతులకు దూరముగా నుండవలెనని నేననను. బబులోనులో చెరనున్నవారికి యిర్మీయా పంపిన పత్రికను జ్ఞాపకము చేసికొనుడి. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, మీరున్న పట్టణము క్షేమముకొరకు పాటుపడుడి అనునదే దాని సారము.

పండితుల పరిశోధనయు ఇక్కడ మనకు తోడగుచున్నది. అశుతోష్ వార్ష్నేయ్ అను రాజనీతి శాస్త్రజ్ఞుడు 2002లో వెలువరించిన గ్రంథములో, హిందూ ముస్లిము కలహములు జరిగిన పట్టణములను, జరుగని పట్టణములను జతలుగా పోల్చెను. మన హైదరాబాదు, లక్నో అందులో ఒక జత. వర్తక సంఘములలో, కార్మిక సంఘములలో, పార్టీలలో ఇరుమతములవారు కలిసి పనిచేయుచున్నచోట పుకారు పుట్టినను మంట కాలేదు. ఎవరి సంఘము వారిదిగా విడిపోయినచోట చిన్న నిప్పుకే ఊరు కాలెను. ఇరుగుపొరుగు పలుకరింపులుకూడ మంచివే గాని, కలిసి కట్టుకొనిన సంస్థలు అంతకంటె గట్టివని అతడు చూపెను. 1950నుండి 1995వరకు అట్టి కలహములలో మరణించినవారిలో పల్లెలవారు నూటికి నాలుగుకంటె తక్కువ. ఈ సమాధానము మన పల్లెల ఆస్తి. దానిని వోట్లకొరకు ఎవరు అమ్మజూచినను మనము ఒప్పుకొనరాదు. 2014లో ప్రదీప్ చిబ్బర్ అను మరియొక శాస్త్రజ్ఞుడు, మతాచారము మనుష్యుల మధ్య బంధములు కలిగించి ప్రజాప్రభుత్వమునకు బలమీయగలదని వ్రాసెను. మందిరమునకు పోవుట మంచి పౌరునికి అడ్డు కాదు. మందిరమును వోట్ల సంచిగా మార్చుటయే అడ్డు.

కావున మన సంఘములకు నా మనవి. బల్లపీటమీదనుండి అభ్యర్థి పేరు ఎత్తవద్దు. ఎన్నికల నెలలో మందిరమునకు రేకులైనను సిమెంటైనను తీసికొనవద్దు. కురియు కప్పు క్రింద ప్రార్థించిన సంఘములు మనకు కొత్త కాదు. ఒకే ఇంట తండ్రి ఒక పార్టీకి, కుమారుడు వేరొక పార్టీకి వోటు చేసినయెడల వారిలో ఎవరి విశ్వాసమును అనుమానింపవద్దు. పన్నీరుసెల్వముగారును పాల్‌గారును ఒకే ప్రభువును సేవించిరి. డబ్బు పుచ్చుకొని వోటు వేయుట పాపమని మాత్రము వెరవక బోధింపుడి. గ్రామసభకు, బడి కమిటీకి, మహిళా సంఘములకు, సహకార సంఘమునకు పోవుడి. 1996 పెసా చట్టము ఏజెన్సీ గ్రామసభకు గొప్ప అధికారమిచ్చినది. అక్కడ కొండదేవతను కొలుచువానితోను, రామభక్తునితోను, ముస్లిముతోను కలిసి కూర్చుండి ఊరి చెరువును, ఊరి బడిని గూర్చి మాటలాడుడి.

దావీదు తన జనమును లెక్కింపుమని పంపినప్పుడు యోవాబు వద్దనెను. రాజు వినలేదు. లెక్క పూర్తియైన వెంటనే దావీదు హృదయమే అతనిని కొట్టెను. ఎందుకనగా ఆ లెక్క తన బలము చూచుకొనుటకు చేసినది. వేరొక లెక్కయు లేఖనములలో ఉన్నది. నూరు గొఱ్ఱెలు గల కాపరి సాయంకాలము లెక్కించి, తొంబదితొమ్మిదే ఉన్నవని తెలిసికొని, తప్పిపోయినదానికొరకు చీకటిలో బయలుదేరెను. కాపరి తన మందను ఈ లెక్కయే లెక్కింపవలెను. ఎవరు రోగముతో మంచమెక్కిరి, ఎవని పోడుభూమికి పట్టా రాలేదు, ఎవని బిడ్డ బడి మానెను అను సంగతులు ఆ లెక్కలో తెలియును.

అరుగుమీద కూర్చుండి "మీ సంఘములో వోట్లెన్ని?" అని అడుగువారికి మర్యాదగా మంచినీళ్లిచ్చి, ఇట్లు చెప్పవచ్చును: "అయ్యా, సంఘములో ప్రాణములున్నవి, వాటికి నేను లెక్క ఒప్పచెప్పవలసినవాడను. వోట్లు ఎవరివి వారివద్దనే ఉన్నవి. వారి ఇండ్లకు పోయి, వారికి మీరేమి చేసితిరో వారితోనే చెప్పుడి."